బోసిపోయిన చేయి

ఇంటికి ఆపద వచ్చినప్పుడు మన అమ్మమ్మల గాజులు తాకట్టుకు వెళ్లేవి. బోసిపోయిన ఆ చేయి అప్పు సంగతిని ఇంటిల్లిపాదికీ రోజూ గుర్తుచేసేది. నేడు అమెరికాలో మనం మ్యూచువల్ ఫండ్లను పూచీగా ఉంచి అప్పు తీసుకుంటున్నాము. కొన్న 30 రోజుల తరువాత వాటిపై మార్జిన్ రుణం పొందవచ్చు. పొదుపు చెదరలేదు, డబ్బు చేతికందింది; ఇందులో తప్పేమిటని తోస్తుంది.

అయితే తాకట్టులో గాజుల బరువు తరగదు; ఫండ్ విలువ మాత్రం తరగవచ్చు. ఖాతాలో మన వంతు 25 శాతం కన్నా తగ్గితే, మనల్ని అడగకుండానే బ్రోకరు వాటిని అమ్మివేయగలడు. 1929లో నూటికి పది మాత్రమే సొంతంగా పెట్టి, మిగిలినది అప్పు చేసి వాటాలు కొన్నవారెందరో చితికిపోయారు. అందుకే 1934 నాటి చట్టం ఇటువంటి అప్పుకు హద్దు నిర్ణయించే అధికారాన్ని ఫెడరల్ రిజర్వుకు ఇచ్చింది.

చట్టం ఎంత అప్పు చేయవచ్చునో చెబుతుంది. ధర్మం మరొకటి అడుగుతుంది: పిల్లల చదువుకని దాచినదాన్ని పూచీగా పెట్టే ముందు ఇంట్లో చెప్పామా? శ్రీనివాసుడు కుబేరుని వద్ద చేసిన పెళ్లి అప్పు లోకమంతటికీ తెలుసు. అందుకే దాన్ని తీర్చడంలో భక్తులందరూ పాలుపంచుకుంటున్నారు. దాచిన అప్పుకు తోడెవరూ ఉండరు. అవసరానికి అప్పు చేయడం తప్పు కాదు. చేయి బోసిపోకపోయినా, మాటను దాచకుందాము.