చల్లబడని ఏసీ, పొంగిన నది

ఏసీ నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. కబురు పెడితే మెకానిక్ ఇంకా మెట్లెక్కకముందే ఫోన్లోనే తీర్పు వచ్చేస్తుంది: "గ్యాస్ అయిపోయి ఉంటుందండీ." డబ్బు సంగతి అటుంచితే, ఈ మాటలో ఒక పాత తాత్త్విక ప్రశ్న ఉంది. కార్యాన్ని చూసి కారణం చెప్పడం ఎంతవరకు చెల్లుతుంది? గ్యాస్ తగ్గితే గది చల్లబడదు, నిజమే. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా చల్లబడదు. ఔట్‌డోర్ యూనిట్‌లో కెపాసిటర్ పోయి కంప్రెసర్ అందుకోకపోయినా చల్లబడదు. కండెన్సర్ రేకుల మధ్య మట్టి పేరుకుని వేడి బయటికి పోకపోయినా అంతే. ఇన్నిచోట్ల కనిపించే గుర్తు ఒక్క గ్యాస్‌నే పట్టివ్వలేదు. ఇలాంటి హేతువును భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం సవ్యభిచారం అంటుంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో ఐదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో, మొదటిది ఇదే.

ఒకే కార్యానికి పలు కారణాలుంటే ఇక గుర్తును బట్టి కారణాన్ని నిర్ణయించే అనుమాన ప్రమాణమే పనికిరాదా? ఈ ఆక్షేపణ న్యాయసూత్రాల రెండో అధ్యాయంలోనే ఉంది. నది పొంగింది కాబట్టి ఎగువన వాన పడిందంటారు సరే, అడ్డుకట్ట వేసినా నీరు పెరుగుతుంది కదా అంటాడు ప్రతివాది. ఆ రెండు పొంగులూ ఒకటి కావన్నది సూత్రకారుడైన గౌతముడి సమాధానం. వాన వల్ల పొంగిన నది వడిగా పారుతుంది. నురుగు, కాయలు, ఆకులు, కట్టెలు కొట్టుకొస్తాయి అని వాత్స్యాయనుడు ఆ సూత్రాల భాష్యంలో విప్పి చెప్పాడు. నిలిచిన నీటికి ఆ లక్షణాలు ఉండవు. తప్పు అనుమానానిది కాదు, "నీరు పెరిగింది" అని పైపైన చూసి ఊరుకున్నవాడిది. కార్యాన్ని ముతకగా చూసినంతసేపే కారణాలు కలగాపులగంగా ఉంటాయి. నిశితంగా చూసేకొద్దీ ఒక్కొక్కటీ విడిపోతుంది.

ఏసీలోనూ అంతే. కూలింగ్ కాయిల్ మీద కట్టే మంచునే తీసుకోండి. గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది, గాలి ఆడకపోయినా కడుతుంది. కానీ గ్యాస్ తగ్గినప్పుడు అది సాధారణంగా రెండు యూనిట్లను కలిపే పైపుల్లో సన్నపైపు మీద, కాయిల్‌లోకి గ్యాస్ ప్రవేశించే మూల దగ్గర మొదలవుతుంది. లావుపైపు పట్టుకుంటే చల్లగా ఉండదు. ఫిల్టర్ మూసుకుపోతే మంచు కాయిలంతా పరుచుకుంటుంది, లావుపైపు కూడా జిల్లుమంటుంది, లోపలి నుంచి వచ్చే గాలే పలచబడుతుంది. బయట ఫ్యాన్ తిరుగుతూ కంప్రెసర్ మాత్రం గుర్రుమని ఆగిపోతుంటే, గ్యాస్ మాట ఎత్తకముందు కెపాసిటర్‌ను పరీక్షించాలి. నురుగూ ఆకులూ చూడమన్న వాత్స్యాయనుడి సలహా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

"గ్యాస్ నింపాం, కూలింగ్ వచ్చింది, ఇంకేం రుజువు కావాలి?" అని అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్నే, ఎందుకంటే పని ఫలించడం జ్ఞానం సరైనదనడానికి గుర్తని న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులే ఒప్పుకుంటారు. అయితే ఫలం కూడా కార్యమే గనక దాన్నీ నిశితంగా చూడాల్సిందే. పని జరిగేటప్పుడు చాలాసేపు ఏసీ ఆపే ఉంచారు, ఆ సమయంలో మంచు దానంతటదే కరిగింది, పనిలో పనిగా ఫిల్టర్ కడిగారు. చల్లదనం గ్యాస్ వల్ల వచ్చిందా, వీటివల్ల వచ్చిందా? అన్నీ ఒకేసారి చేస్తే ఫలం దేనికీ సాక్ష్యం చెప్పదు. ముందు ఫిల్టర్ కడిగి, మంచు కరిగాక నడిపి చూసి, అప్పటికీ చల్లబడకపోతేనే గ్యాస్ ప్రెషర్ కొలవడం సరైన క్రమం.

ఎంత చూసినా కనపడని కారణం ఇంకొకటి ఉండవచ్చు కదా అనే సంశయవాదికి నైయాయికుడైన ఉదయనుడు జవాబిచ్చాడు: మన నడవడికే ఎదురు తిరిగేచోట సందేహం ఆగిపోవాలి. ఆ హద్దు ఎక్కడో నిజాయితీగా గుర్తించడమే అసలు కష్టం. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. అందువల్ల "గ్యాస్ తగ్గింది" అన్న నిర్ణయం సరైనదే అయినా విచారణ అక్కడితో ముగియదు. ఆ తగ్గడమూ ఒక కార్యమే, దానికి కారణం లీకు. లీకు ఎక్కడో వెతకకుండా గ్యాస్ నింపితే మళ్లీ ఎండాకాలానికి అదే ఫోను, అదే తీర్పు. మెకానిక్‌ను "ఎంతవుతుంది?" అనే ముందు "ఎలా తెలిసింది?" అని అడగడం అనుమానించడం కాదు, ప్రమాణం అడగడం.