ఆదివారం ఈల

1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఎరిక్ లిడెల్ అనే పరుగువీరుడు, ఆదివారం దేవుడి రోజని, ఆ రోజు పరుగెత్తనన్నాడు. దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత చైనాలో, జపాన్ సైన్యం నిర్బంధ శిబిరంలో, అదే మనిషి ఆదివారం పూట ఈల పట్టుకుని పిల్లల ఆటకు రిఫరీగా నిలబడ్డాడు. ఈ రెండో సంగతి తెలిసినప్పటి నుంచి ఈ వ్యాసకర్తను ఒక ప్రశ్న వదలడం లేదు. ఈల ఊదడం తప్పు కానప్పుడు, పరుగు ఎలా తప్పయింది?

ప్రసంగాల్లో ఈ కథ ఎలా నడుస్తుందో తెలిసిందే. వంద మీటర్లు దేవుడి కోసం వదిలేశాడు, దేవుడు నాలుగొందల మీటర్లలో బంగారం ఇచ్చాడు. భక్తిని ఇలా బేరం చేయడం అన్యాయం. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమాలో అతనికి ఓడ ఎక్కేటప్పుడు విషయం తెలుస్తుంది. నిజానికి వంద మీటర్ల హీట్స్ జూలై 6 ఆదివారమని నెలల ముందే తెలుసు. ఎడిన్‌బరో యూనివర్సిటీ విద్యార్థిగా ఉన్న లిడెల్ ఆ నెలలన్నీ నాలుగొందలకు సాధన చేశాడు. జూలై 11న 47.6 సెకన్లలో గెలిచాడు. అది దేవుడిచ్చిన బహుమానమే అయితే, 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరంలోనే, 43 ఏళ్లకే, మెదడులో కణితితో చనిపోవడాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

అతను 1925లో చైనా వెళ్లి తియాన్‌జిన్‌లో మిషన్ కాలేజీ పంతులయ్యాడు, 1932లో పాస్టరుగా అభిషేకం పొందాడు. అతన్ని పంపిన లండన్ మిషన్ బళ్లారికి 1810లోనే వచ్చింది. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కనుక ఆదోని వైపువాళ్లకు ఆ పేరు కొత్త కాదు. ఒక రోజును దేవుడికి వదలడం అంతకన్నా కొత్త కాదు. సోమవారం బసవన్న పొద్దని ఎద్దు మెడ మీద కాడి పెట్టని పల్లెలవి.

ఎమ్మిగనూరు దగ్గర అలాంటి ఒక పల్లెలో, ఈ వ్యాసకర్త చిన్నతనంలో, ఆదివారం రాత్రి మంచి వాన పడింది. తెల్లారేసరికి పదును సరిగ్గా ఉంది. బుడ్డలు విత్తాల్సిన పెద్దాయన మాత్రం గొర్రును గోడకు ఆనించి, ఎద్దుల గంగడోళ్లు నిమురుతూ కూర్చున్నాడు. భార్య విత్తనాల చాట పట్టుకుని రెండుసార్లు గడప దాకా వచ్చింది, ఏమీ అనకుండానే లోపలికి పోయింది. మధ్యాహ్నం పక్కింటి కోడలికి నొప్పులొచ్చాయి. పెద్దాయన లేచి, ఎవరూ అడక్కముందే బండి కట్టాడు. కాడి, పగ్గాలు, అదే సోమవారం. ఎవరో గుర్తుచేస్తే, “ఇది సేద్యం కాదప్పా” అన్నాడు. బండి బురదలో జారుకుంటూ ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోయింది.

శిబిరంలో జరిగిందీ ఇలాంటిదే. ఆదివారం ఆటలు వద్దని లిడెల్ మొదట పట్టుబట్టాడు. పిల్లలు తామే ఆడుకున్నారు, కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఆయనే వచ్చి ఈల ఊదాడు.

అయితే జవాబు తేలిక అనిపిస్తుంది. పారిస్‌లో నష్టం అతనిది, శిబిరంలో పిల్లలది. తన నష్టంతో పోయే నియమాన్ని మనిషి ఎంత గట్టిగానైనా పట్టుకోవచ్చు, ఎదుటివాడికి తగిలేచోట సడలించాలి. చాలాకాలం ఈ వ్యాసకర్తకు ఇది సరిపోయింది.

ఇప్పుడు సరిపోవడం లేదు. 1941లో లిడెల్ గర్భిణి అయిన భార్యను, ఇద్దరు కూతుళ్లను కెనడా పంపి, తాను పిలుపు కోసం చైనాలో ఉండిపోయాడు. మూడో కూతురిని కళ్లారా చూడలేదు. చనిపోయిన కబురు భార్య ఫ్లోరెన్స్‌కు చేరడానికి రెండు నెలలు దాటింది. ఆ నష్టం ఒక్కడిదని ఎలా అనగలం? పిల్లల కొట్లాట చూసి ఆదివారాన్ని సడలించిన మనసు, ఇంటి విషయంలో ఎందుకు సడలలేదు? సడలి ఉంటే శిబిరంలో ఆ పిల్లలకు ఆయన దొరికేవాడు కాదు, అదీ నిజమే. ఇక్కడికొచ్చి ఆలోచన ఆగిపోతోంది.

ఆ సోమవారం పుట్టిన బిడ్డ బతికింది. మంగళవారానికి పైమన్ను ఎండింది, చేను పలచగా మొలిచింది. పెద్దాయన నిష్ఠ గురించి ఊరు చాలా ఏళ్లు చెప్పుకుంది. ఆయన భార్య మాత్రం ఆ ఏడు, చాట పక్కన పెట్టి, పొరుగు చేలకు పత్తి తీసే కూలికి పోయింది.