రాలేదు

పెదనాన్న ఫిజియోథెరపీ కార్డు మీద నెలకి పన్నెండు గళ్ళు. పోయిన సంక్రాంతికి శావల్యాపురం వెళ్ళినప్పుడు చూశాను. ఐదింట్లో టిక్కులు, మిగతా ఏడింట్లో "రాలేదు". కోపమొచ్చింది. బాగుపడాలన్న పట్టుదల ఈయనకే లేకపోతే ఎవరేం చేస్తారు అనుకున్నాను. హైదరాబాదులో కూర్చుని "ఎక్సర్‌సైజులు మానకు పెదనాన్నా" అని ఫోన్లో చెప్పేవాణ్ణి మరి.

మర్నాడు నేనే నరసరావుపేట తీసుకెళ్ళాను. సెషన్‌కి నాలుగు వందలు, పోనూ రానూ ఆటోకి ఎనిమిది వందలు. ఆడవాళ్ళకి 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితమే, పెద్దమ్మకి టిక్కెట్టు అక్కర్లేదు. కానీ ఎడమ కాలు లేవని మనిషి ఆ మెట్లెక్కాలి కదా. పైగా ఆయన వెంట వెళ్ళిన రోజు ఆవిడకి మిరపకోతల కూలి పోతుంది. ముప్పావుగంట వైద్యానికి ఇద్దరి రోజు ఖర్చు. స్ట్రోకు వచ్చినప్పటి ఆస్పత్రి బిల్లు ఆరోగ్యశ్రీలో పోయింది. ఇంటికొచ్చాక మొదలైన ఖర్చుకి మాత్రం ఏ కార్డూ పనికిరాలేదు.

ఇంట్లోవాళ్ళే నేర్చుకుని చేయిస్తే సరిపోదా అని నాకూ అనిపించింది. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మందితో 'అటెండ్' అనే అధ్యయనం సరిగ్గా అదే చేసి చూసింది. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది: ఇంటివాళ్ళకి శిక్షణ ఇచ్చినా, ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవాళ్ళకంటే ఏమీ మెరుగు లేదు. ప్రేమ ఉంటే చాలనుకోవడం మనకి చవగ్గా దొరికే ఓదార్పు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో లెక్కేశాను. పన్నెండు సార్లూ వెళ్తే పద్నాలుగు వేల నాలుగు వందలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇస్తున్న పింఛను 15,000. పెదనాన్నకి అదొస్తోంది. ఇల్లు గడిచేదీ దాంతోనే. మిగతా వికలాంగులకైతే 6,000. పింఛను ఎక్కువని నేననను, అసలు అదొక్కటే వాళ్ళకి సమయానికి వస్తున్నది.

"నాలుగడుగులు ఏస్తే ఆ తొమ్మిది వేలు ఎవరిస్తార్రా?" అన్నాడు పెదనాన్న, నవ్వుతూనే.

బాగుపడటం రోగి బాధ్యత అంటాం. ఆ బాధ్యత ధర ఎంతో, అది నెరవేరిస్తే ఏం పోతుందో అడగం. "రాలేదు"కీ "రాలేడు"కీ ఒక్క అక్షరమే తేడా. కార్డు నింపే అమ్మాయికి ఆ రెండో మాట రాసే గడి లేదు.

తర్వాతి గురువారం కూడా నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ వారం ఆఫీసులో రిలీజు పడింది. కార్డులో ఏం రాశారో పెద్దమ్మని అడగలేదు.