పెంపకం - పెత్తనం

తెలుగు పాఠం చెప్పే నాకు 'పెంపకం' అన్న మాట దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతూ వుంటుంది. పెంచినవారికి పెరిగినవారిపై హక్కు వున్నదా?

మాట పుట్టుకను చూద్దాం. 'పెరుగు' అకర్మక క్రియ. 'పెంచు' దాని సకర్మక రూపం. బిడ్డ పెరుగుతుంది, తల్లి పెంచుతుంది. తమిళంలోని పెరుగు, పెరుక్కు అనే జంట కూడా ఇటువంటిదే. పెరిగే శక్తి బిడ్డలోనే వున్నది. పెంచేవారు దానికి తోడు పడతారు. ఇంత మంచి అర్థం గల మాట పక్కనే దాని దాయాది కూడా వున్నది. 'పెద్ద' అన్నదీ ఆ ద్రావిడ మూలం నుంచి వచ్చినదే. పెద్దతనమే వాడుకలో పెత్తనమయింది.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలదీ ఇదే కథ. 'భృ' ధాతువుకు భరించడం, పోషించడం అని అర్థం. పోషించేవాడు భర్త, పోషింపబడవలసినది భార్య, పోషింపబడవలసినవాడే భృత్యుడు కూడా. వండిపెట్టేదెవరు, దున్నిపెట్టేదెవరు అని ఈ మాటలు అడగవు. ఇంటినీ పొలాన్నీ పోషించేవారే పోషితుల జాబితాలో చేరిపోయారు!

తెలంగాణా దొరల గడీలలో ఆడబాపలుండేవారు. దొర కూతురు అత్తవారింటికి పోతే, వారినీ వెంట పంపేవారు. గడీ కూడు తిన్న పిల్ల గడీ సొత్తయిపోయేది.

గడీలు పోయినా ఆ న్యాయం పోలేదు. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 నుంచి నిషిద్ధం. అయినా, చదువుకున్నవారి ఇళ్ళలోనే అంట్లు తోమే పిల్లను చూపించి, "మా పిల్లలాగే పెంచుకుంటున్నాం" అనడం నేను విన్నాను. ఆ పిల్ల ఏ తరగతి చదువుతున్నది? ఇంటిపిల్లల పక్కన కూర్చుని అన్నం తింటున్నదా? రేపు వెళ్ళిపోతానంటే వెళ్ళనిస్తారా?

నా దృష్టిలో గీటురాయి ఇదే. పెరిగిన మనిషి తన కాళ్ళపై నిలబడి, పెంచినవారికి కూడా ఎదురుచెప్పగలిగితే అది పెంపకం. జన్మంతా ఋణస్థుడుగా మిగిలితే అది పెత్తనం. విద్యార్థులను తీర్చిదిద్దుతున్నామని చెప్పుకునే మన ఉపాధ్యాయులం ఈ గీటురాయిని ముందుగా మన తరగతి గదిలోనే ఉపయోగించి చూడాలి.