ఈ వరస అవనివ్వండి

మా ఇంట్లో నా నోటి నుంచి అందరూ ఎక్కువసార్లు విన్న మాట ఇదే అనుకుంటాను. సాయంత్రం కాఫీలయ్యాక కిటికీ పక్కన కూర్చుని ఊలు ఒళ్లో వేసుకుంటానా, సరిగ్గా అప్పుడే ఆయనకు కళ్లద్దాలు కనబడవు, కుక్కరు రెండో కూత వేస్తుంది, అబ్బాయి ఫోను చేస్తాడు. "ఈ వరస అవనివ్వండి" అంటాను. వరస మధ్యలో లేస్తే లెక్క తప్పుతుంది, సూది మీంచి కుట్టు జారుతుంది. వరస చివర ఆగితే ఏ భయమూ లేదు. సూదులు రెండూ దగ్గరకు చేర్చి, ఊలు చుట్టి బుట్టలో పెట్టేసి వెళ్లొచ్చు. మళ్లీ రాత్రి పదింటికి తీసినా, నెల తరవాత తీసినా అది వదిలిన చోటే ఉంటుంది.

ఇంటిపనుల్లో ఇలా మన కోసం ఆగేవి తక్కువ. పొయ్యి మీది పాలు ఆగవు. పెనం మీది అట్టు ఆగదు. ఆకలేసిన పిల్లలు అసలే ఆగరు. రోజంతా పని వెనక మనం పరిగెత్తాలి. మన వెనక ఓపిగ్గా కూర్చునే పని ఇదొక్కటే కనబడింది. అందుకే ఇది నా చేతిని వదల్లేదు.

1996లో పెళ్లయి సికింద్రాబాదు రైల్వే క్వార్టర్సుకు వచ్చినప్పుడు పక్క వాటాలో లూధియానా ఆవిడ ఉండేది. ఊలుకీ స్వెట్టర్లకీ పేరుపడ్డ ఊరు వాళ్లది. ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ఆమె అల్లుతుంటే చూసేదాన్ని. ఒకరోజు సూదులు నా చేతిలో పెట్టింది. అలా నేను నేర్చిన మొదటి రెండు హిందీ మాటలు సీధా, ఉల్టా.

సీధా అంటే దారం వెనక ఉంచి, సూదిని కుట్టులోకి ముందునుంచి దూర్చి, కొత్త కుట్టును మనవైపు లాక్కోవడం. ఉల్టా అంటే దారం ముందుకు తెచ్చుకుని, సూదిని వెనకనుంచి దూర్చి, కొత్త కుట్టును అవతలికి నెట్టడం. ఒక వరస సీధా, ఒక వరస ఉల్టా అల్లుకుంటూ పోతే బట్ట ముందువైపు సన్నటి జడపాయల్లా నున్నగా వస్తుంది, వెనకవైపు చిన్న చిన్న గట్లు తేలతాయి. రెండు వేరు వేరు కుట్లనే చాలాకాలం నమ్మాను. ఒకసారి తప్పు ఎక్కడ పోయిందో చూద్దామని బట్ట తిరగేసి పట్టుకున్నప్పుడు తెలిసింది. ఉన్నది ఒకే కుట్టు. ఇటునుంచి చూస్తే సీధా, అటునుంచి చూస్తే ఉల్టా. అల్లే మనిషి ఏ వైపు కూర్చుందన్నదే తేడా.

వరస అన్న మాట మీద కూడా నాకు మక్కువ పెరిగింది అప్పుడే. అల్లికలో వరస ఉంది, మనుషుల్లోనూ వరస ఉంది. కొత్తవాళ్లు ఎదురైతే "మీరు నాకేం వరస అవుతారు?" అని అడిగి, అక్కో వదినో తేల్చుకుంటే తప్ప మనకు మాట కుదరదు. అల్లికలో ఏ కుట్టూ తనంతట తాను నిలబడదు. కింది వరసలో కుట్టు కడుపులోంచే పైకుట్టు పుడుతుంది, పైది పుట్టాకే కిందిది సూదిని వదులుతుంది. వదిలినా పడిపోదు, పైదాన్ని పట్టుకునే ఉంటుంది. మా అమ్మ, నేను, మా అమ్మాయి, దాని కూతురు, నాలుగు వరసలం ఇప్పుడు ఉన్నాం. కిందివాళ్లను వదిలిపెట్టి పైవాళ్ల సంగతి చెప్పడానికి లేదు.

మా అమ్మది నరసాపురం పక్కన పల్లె. నాకు ఊహ తెలిసేటప్పటికి అమ్మ చేతిలో లేసు ఉంది. నా సూదులు రెండు, ఆమెది ఒక్కటే. చివర చిన్న కొక్కెం ఉన్న ఉక్కు సూది, సన్నటి తెల్ల దారం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు ఆడవాళ్లకు నేర్పిన పని అది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో అరుగు అరుగుకీ పాకింది. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి వెళ్లేవాడు, వారం తరవాత వచ్చి అల్లింది పట్టుకెళ్లేవాడు. ఎంత దారం అల్లితే అంత కూలి. అమ్మ పువ్వులే అల్లేది. పువ్వుల్ని కలిపి బల్ల మీద గుడ్డగా చేసే అతుకు పని ఇంకో ఇంట్లో, ఇంకొకరిది. ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో అమ్మకు తెలియదు. పూర్తయిన గుడ్డను ఆమె ఒక్కసారీ చూడలేదు. వేల పువ్వులు అల్లిన ఇంట్లో ఒక్క లేసు ముక్క ఉండేది కాదు.

దారం తెల్లనిది కాబట్టి మాసిందంటే కూలి కోసేవాడు. పొయ్యి దగ్గరనుంచి లేచి, మోచేతుల దాకా కడుక్కుని, పాత చీరముక్కతో తుడుచుకుని అప్పుడు సూది పట్టేది. బడినుంచి వచ్చి "అమ్మా" అని పిలిచేదాన్ని. "ఉండవే, ఈ పువ్వు అవనీ" అనేది తలెత్తకుండానే. ఆ పువ్వు అయ్యేది. ఇంకో పువ్వు మొదలయ్యేది.

రెండు అల్లికల మధ్య ఒక తేడా నాకు చాలా ఏళ్ల తరవాత తోచింది. నా అల్లికలో వరసలోని కుట్లన్నీ సూది మీద నోళ్లు తెరుచుకుని ఉంటాయి. డెబ్బై కుట్లుంటే డెబ్బై కుట్లూ జారిపోగలవు. అమ్మ లేసులో ఏ క్షణంలో చూసినా తెరిచి ఉన్న కుట్టు ఒక్కటే. దాన్ని కాస్త పెద్దదిగా లాగి వదిలేస్తే చాలు, ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ కింద పెట్టేయొచ్చు. ఆపడానికి అంత సులువైన పని అమ్మ చేతిలో ఉంది. కానీ ఆపగలిగింది నేను. ఆమె ఆపలేకపోయింది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. వీళ్లు ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్న శ్రామికులని, కానీ గృహిణులు తీరిక వేళల్లో చేసే పనిగా లెక్కగట్టడం వల్ల వాళ్ల కూలి పొలం పనికి వెళ్లే ఆడవాళ్ల కూలికన్నా తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. గడప దాటకుండా నీడపట్టున కూర్చుని చేసుకునే పని కాబట్టి పరువైనదన్న పేరొచ్చింది. ఆ పేరే కూలిని కిందికి తొక్కింది. ఆ సంగతులు చదువుతున్నప్పుడు నాకు మా అరుగే కనబడింది. మా నాన్నను ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, తీరికప్పుడు ఏదో లేసు అల్లుకుంటుంది" అనేవాడు. నా స్కూలు ఫీజు ఆ తీరికలోంచే వచ్చింది.

నన్నూ అలాగే అంటారు, తీరిక వేళ అల్లుకుంటుందని. నా విషయంలో అది నిజం. ఒకే మాటను ఇద్దరికీ వాడారు. ఒకరి మీద సీధాగా, ఇంకొకరి మీద ఉల్టాగా పడింది. తీరిక అంటే చేతిలో పని లేకపోవడం అనుకునేదాన్ని. కాదు. చేతిలో ఉన్న పనిని కింద పెట్టగలగడం తీరిక. పెట్టాక ఎవరూ అడగకపోవడం, ఏ కూలీ తగ్గకపోవడం, ఏ ఫీజూ ఆగకపోవడం తీరిక. నేను కిటికీ పక్కన కూర్చుని ధీమాగా "ఈ వరస అవనివ్వండి" అంటున్నానంటే, ఆ ధీమా ఎవరు అల్లి ఇచ్చారో నాకు తెలుసు.

నిరుడు చలికాలం అమ్మ మా దగ్గరే ఉంది. డెబ్బై నాలుగేళ్లు. మా మనవరాలికి రెండు నిండాయి. దానికి పసుపురంగు స్వెట్టరు మొదలుపెట్టాను. అంచు 11వ నంబరు సూదులతో, ఒళ్లు 9వ నంబరుతో. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, అంచు బిగువుగా పట్టాలి కదా. అమ్మ మంచం మీంచే చూస్తూ అడిగింది.

"ఎంతిస్తారే దీనికి?"

"ఎవరూ ఇవ్వరమ్మా. పాపకి."

"మరి ఎప్పటికివ్వాలి?"

"ఎప్పటికైనా పరవాలేదు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం గొంతు పట్టేసింది. అల్లిక అనగానే ఆమెకు తట్టిన ప్రశ్నలు ఆ రెండే.

మూడో రోజు ఆ స్వెట్టరులో ఒక కుట్టు జారింది. పాప సూది పట్టి లాగింది. ఎనిమిది వరసల కిందికి నిలువునా విడిపోయి, మధ్యలో దారాలు నిచ్చెనమెట్లలా అడ్డంగా మిగిలాయి. విప్పేద్దామనుకుంటున్నాను. "ఇలా ఇయ్యి" అని అమ్మ చెయ్యి చాపింది. ఆమె ఎన్నడూ ఊలు అల్లలేదు. కళ్లద్దాలు సర్దుకుని, వెలుగుకేసి పట్టుకుని, వేలితో నిచ్చెన అడుగుదాకా తడిమి చూసింది. తలగడ కింది సంచిలోంచి తన కొక్కెం సూది తీసింది. అది ఇంకా ఆమె దగ్గర ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఊలుకి చాలా సన్నం ఆ సూది, అయినా అడుగున జారిపోయిన కుట్టులోకి దూర్చి, పై మెట్టు దారాన్ని కొక్కేనికి తగిలించి, కుట్టులోంచి ఇవతలికి లాగింది. తరవాత దాని పై మెట్టు. తరవాత ఇంకోటి. ఎనిమిది మెట్లూ ఎక్కి, చివరి కుట్టును నా సూది మీద పెట్టి తిరిగిచ్చింది. ఎక్కడ జారిందో నాకే తెలియలేదు.

ఆ రాత్రి అడిగాను, "నీకోసం ఒక్క పువ్వైనా ఎప్పుడైనా అల్లుకున్నావా అమ్మా?" అని. "దారం వాళ్లది కదే" అంది. అంతే. ఫిర్యాదు లేదు ఆ గొంతులో.

నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ సంతోషించింది, ఊరి పేరు పేపర్లో పడిందని. ఊరికి వచ్చిన గుర్తింపు అల్లే చేతిదాకా, చేతికందే కూలిదాకా రావాలని నా కోరిక. ఆ అరుగుల మీద ఇప్పటికీ వంగిన తలలున్నాయి.

అమ్మ "దారం వాళ్లది కదే" అన్న మర్నాడు బజారుకెళ్లి తెల్లటి నూలు దారం ఉండలు నాలుగు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. "ఈ దారం నీదే" అన్నాను. ఏం అల్లాలో తేల్చుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. చివరికి పాప గౌనుకి మెడపట్టీ అంది. పువ్వులూ తనే అల్లుతుందట, అతుకు పనీ తనే చేస్తుందట.

ఒక సాయంత్రం ఇద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. ఆమె నాలుగో పువ్వులో ఉంది, నేను చేతుల దగ్గర ముప్ఫయ్యో వరసలో. లోపలినుంచి పాప "తాతమ్మా" అని పిలిచింది. ఆ మాట వస్తుందని నేను చెవి రిక్కించుకుని ఎదురుచూశాను. అమ్మ అనలేదు. తెరిచి ఉన్న ఆ ఒక్క కుట్టును కాస్త పెద్దదిగా లాగి, సగం పువ్వును మంచం మీద పెట్టి, లేచి వెళ్లింది.