‘అట్లే పాపా’ అన్నాక

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఏటా న్యూట్రిషన్ చదివే పిల్లల్ని బస్సెక్కించుకుని ఆ దారిన పోతాను. బరువు తూచే మిషను, ఎత్తు కొలిచే కడ్డీ, చంటిపిల్లల భుజం చుట్టుకొలత తీసే టేపు, రంగురంగుల చార్టులు వెనక సీటు నిండా ఉంటాయి. శిరివెళ్ల దాటేసరికి పాటలు ఆగిపోయి ఎవరి నోట్సు వాళ్లు తీస్తారు. పరీక్షకు పోయే ముఖాలు.

ఒకసారి ఆళ్లగడ్డ పక్క పల్లెలో మూడో సంవత్సరం అమ్మాయి ఒకామె ఏడో నెల గర్భిణి ముందు కూర్చుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, ఆమెకు ఎనిమిదిన్నర. మా పిల్ల పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది: ఆకుకూర తినాలి, గుడ్డు తినాలి, మాత్ర తప్పకూడదు, టీ తగ్గించాలి. అంతా విని ఆమె, “అట్లే పాపా, తింటాలే” అంది. పిల్ల బయటికొచ్చి ఫారంలో ‘కౌన్సెలింగ్ పూర్తయింది’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఆ ‘అట్లే’ నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. మా సీమలో ఇంటికొచ్చినవాళ్ల మనసు నొప్పించకుండా సాగనంపే మాట అది.

ఇంకొకరి కంచంలోకి తొంగిచూసి ఇది తిను, అది మాను అనే అర్హత మనకెక్కడి నుంచి వచ్చింది? డిగ్రీతో వచ్చిందని చాలాకాలం అనుకున్నాను. శాస్త్రం వైపు నుంచి తడబాటేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. తిండికి కరువైన నేలా ఇది? నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. సూర్యనంది కొర్ర అక్కడిదే. మిషనుతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 శనగా అక్కడిదే. ఈ నల్లరేగడిలో పండిన శనగలు లారీలకెత్తి పోతుంటాయి. కేసీ కెనాల్ కింద వరి. ఇంత పంట మధ్య, ఆ పంటకు కలుపు తీసిన మనిషికే రక్తం చాలదు.

ఆమెకు తెలియక కాదు. ఏది బలమో మా చార్టు కంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఇంట్లో అందరూ తిన్నాక తినడం మంచి ఆడదాని లక్షణమని చిన్నప్పటి నుంచి విని పెరిగింది. గుడ్డు ఉంటే కొడుకుకు, పెరుగు మిగిలితే మామకు. అది ఆమె ధర్మం. ధర్మాన్ని అజ్ఞానం అనుకుని చార్టు పట్టుకుపోతే జవాబు ‘అట్లే’ అనే వస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, షుగరు మాత్రలు మింగుతూ శనివారాలు ఒక్కపొద్దుండే ఒకావిడను కోడలి ఎదుటే గట్టిగా మందలించాను. “దేవుడేమన్నా నిన్ను పస్తుండమన్నాడా?” అన్నాను. మాత్ర వేసుకుని పస్తుంటే షుగరు పడిపోయే ప్రమాదముంది, ఆ మాట నిజమే. కానీ తర్వాతి నెల పోతే తలుపు తియ్యలేదు. ఆవిడ ఒక్కపొద్దు మానలేదు, షుగరు చూపించుకోవడమే మానింది. నా నిజం ఆవిడను వైద్యానికి దూరం చేసింది. దాన్ని ఈ రోజుకీ నేను పాపమనే అంటాను.

ఆ తర్వాతే ఉపనిషత్తుల్లో అన్నం గురించి ఉన్న రెండు కథలు నాకు కొత్తగా అర్థమయ్యాయి. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు నీళ్లు మాత్రం తాగి ఉండమంటాడు. ఆపైన వేదం చెప్పమంటే కుర్రవాడికి ఒక్క ముక్కా గుర్తు రాదు. తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నంతో అయిందన్న సంగతి తండ్రి కొడుకు ఒంటితోనే కొడుక్కు చెప్పించాడు. తైత్తిరీయంలో భృగువు బ్రహ్మమంటే ఏమిటని తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. కొడుకు మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. వరుణుడు అది తప్పనడు, చాలనీ అనడు. మళ్లీ పోయి తపస్సు చెయ్యమంటాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం దాకా భృగువు పోతూ వస్తూనే ఉంటాడు. ఎన్నిసార్లు వచ్చినా తండ్రి విసుక్కోడు, చిన్నబుచ్చడు. ఈ రెండు కథలూ చెప్పాకే ఇప్పుడు బయోకెమిస్ట్రీ పాఠం మొదలుపెడుతున్నాను.

క్లాసులో ఈ ఉపవాసాల సంగతి చెబుతుంటే నంద్యాల ముస్లిం అమ్మాయి ఒకామె లేచింది. “జబ్బు మనిషికి, గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో మా మతంలోనే వెసులుబాటు ఉంది మేడమ్. కానీ మా అమ్మ ఒక్కసారి కూడా దాన్ని వాడుకోలేదు. ఇల్లంతా రోజా ఉంటే తానొక్కతే తినడం ఆమెకు ఆకలి కంటే కష్టం” అంది. నలుగురిలో ఒకరుగా ఉండడం కూడా మనిషికి తిండే. దానికి మా పట్టికలో గడి లేదు. షుగరున్న మనిషిని రంజాన్‌కు ముందే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఉపవాసం పనికొస్తుందా, మాత్రల వేళలు ఎట్లా మార్చాలి అని అడిగించడం మా పాఠంలోకి ఆ అమ్మాయి వల్లే వచ్చింది.

ఇక ఆ ఎనిమిదిన్నర హిమోగ్లోబిన్ ఆమె దగ్గరికి మా పిల్లను తర్వాతి వారం మళ్లీ పంపాను. చార్టు వద్దన్నాను. పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తట్టడం నేర్చుకోమన్నాను. మొదటి రెండు రొట్టెలూ పెనం మీద వేసేలోపే చేతిలో విరిగాయట. అత్త నవ్వింది, ఆ నవ్వుతో మాట కలిసింది. ధనియాల డబ్బా తీసినప్పుడు అందులో ఎర్రమాత్రల అట్టలు కనిపించాయి. పొద్దున్నే టీతో మింగితే వాంతయ్యేదట. విరేచనం నల్లగా పోతుంటే బిడ్డకేమైనా అవుతుందేమోనని భయపడి దాచిపెట్టింది. ఇనుము మాత్రతో అలా నల్లగా పోవడం మామూలేనని ఆమెతో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో లెడర్లే ప్రయోగశాల తయారుచేసింది. ఆ పని నడిపినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తోబుట్టువుల్ని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న మనిషి ఆయన. అంత దూరం నుంచి వచ్చిన మందు, నోటికి జానెడు దూరంలో ధనియాల్లో ఆగిపోయింది.

మధ్యాహ్నం ఎన్నింటికి తింటావక్కా అని మా పిల్ల అడిగితే, మూడు దాటాక అని చెప్పింది. అప్పుడు అత్తవైపు తిరిగి, “నీ కాన్పులప్పుడు నువ్వెట్ల తిన్యావవ్వా?” అని అడిగింది. ముసలామె రొట్టె తిప్పుతూ, “నేనూ అట్లనే, అందరి తర్వాతనే” అంది. కాసేపాగి, పోయిన ఒక బిడ్డ సంగతి చెప్పింది. ఎవరినీ తప్పుపట్టలేదు, తన అత్తనూ పట్టలేదు.

మాత్ర వేళ రాత్రి అన్నం తర్వాతకు మారింది, టీకి దూరమైంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుందని చెబితే అదీ చేసింది. మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి కూర్చుంటున్నారు. గుడ్డు మాత్రం ఇప్పటికీ పెద్దపిల్లాడికే పోతోంది. మూడోసారి పోయినప్పుడు హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర దాటింది.

అహోబిలం నరసింహస్వామి సంక్రాంతి వెళ్లాక పారువేటకు బయల్దేరి నెల రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. చెంచులు ఆయన్ను అల్లుడంటారు. బ్రహ్మోత్సవాలకు జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని మావాళ్ల నమ్మకం. కొండమీది దేవుడే పల్లకిలో ఊరూరా దిగి వస్తాడు, మరుసటేడు మళ్లీ వస్తాడు. మేమేమో ఒక్కసారి వచ్చి తీర్పు చెప్పి పోతున్నాం.

వైద్యవిద్యార్థులకు జాతీయ వైద్య కమిషన్ కుటుంబాల దత్తత కార్యక్రమం పెట్టింది. మొదటి సంవత్సరం నుంచే కొన్ని ఇళ్లను ఎంచుకుని చదువు పొడవునా అక్కడికే పోతుండాలి. నంద్యాలలో ఇప్పుడు శాంతిరామ్ కాలేజీ ఉంది, 2023లో ప్రభుత్వ కాలేజీ వచ్చింది. పోషకాహారం చదివే పిల్లలకూ ఇలాంటి నియమం కావాలి. నేను చూసినంతవరకు మార్కులు చార్టుకూ రికార్డుకూ పడుతున్నాయి. అదే ఇంటికి రెండోసారి, మూడోసారి పోయినందుకు పడాలి. సిలబస్ రాసే పెద్దలకు నా మనవి ఇదొక్కటే.

చదివే మీకూ ఒక మాట. రేపు మీ గడపలోకి టేపూ చార్టూ పట్టుకుని ఒక పిల్ల వస్తే, ‘అట్లే పాపా’ అని పంపెయ్యకండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. మీ ఇంట్లో చివరగా తినేదెవరో, ఎన్ని గంటలకు తింటారో, అప్పటికి గిన్నెలో ఏం మిగులుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి.