పండుగనాటి రేవుకూలి

ధర్మవిచారము రాజ్యములను గూర్చియు, వివాహములను గూర్చియు, కులములను గూర్చియు చేయదగినది గాని, విమానపు టిక్కెట్టు కొనుటలో ధర్మమేమి, అధర్మమేమి యని చదువరులు నవ్వవచ్చును. కొంతకాలము క్రిందట మేమును అట్లే నవ్వియుందుము. మనుష్యుడు ధనమిచ్చి పుచ్చుకొను చోటులందే అతని ధర్మబుద్ధి పరీక్షకు వచ్చునని మాకు నేర్పినవాడు, మాయొద్ద చదువుకొనిన యొక బాలుడు.

మా పడమటి ప్రకాశము వానను నమ్ముకొన్న నేల. గుండ్లకమ్మ పొంగిన యేడు కంభము చెఱువు క్రింద వరి పండును. పొంగని యేడు పల్లె వలసపోవును. మార్కాపురపు గనులు ఒకప్పుడు ఎన్నో సీమల బడిపిల్లల చేతికి పలకల నందించినవి. పలకపోయి కాగితము వచ్చినది, ఆ పనియు సన్నగిల్లినది. గిద్దలూరునకు దక్షిణమున కడప సీమ. అచ్చటి పల్లెలవలెనే మా పల్లెలును కువైట్ పేరు నెఱుగును.

ఇరువురు బాలురు ఒకే బెంచీమీద గూర్చుండి మాయొద్ద చదివిరి. ఒకడు నేడు అమెరికాలో డల్లాసు నగరమున కంప్యూటరు పనిలో నున్నాడు. రెండవవాడు కువైట్‌లో నొక సంస్థకు లారీ తోలుచున్నాడు. మొదటివాడు సంక్రాంతికి రాదలచినచో శ్రావణమాసముననే టిక్కెట్టు కొనును. రెండవవాడు ధనుర్మాసము సగము గడచువఱకు తనకు సెలవున్నదో లేదో యెఱుగడు.

ఈ రెండవవాడు మూడేండ్లు ఇంటికి రాలేదు. తల్లి మాయెదుట కంటనీరు పెట్టుకొనగా చూడలేక, మేమతనికి, "ఈ పండుగకైనను రాకున్న నీవు మాయొద్ద చదివిన చదువు వ్యర్థము" అని రెండు పంక్తులు వ్రాసితిమి. అతడు వచ్చెను. శంషాబాదులో దిగి, శ్రీశైలపు టడవి త్రోవ రాత్రివేళ మూసియుండుటచే గేటుకడ తెల్లవారువఱకు కాచియుండి, భోగిమంట చల్లారిన పిమ్మట ఇల్లు చేరెను. మా మాట చెల్లినదని మేము గర్వించితిమి. మాసము తిరుగకమునుపే నిజము తెలిసెను. మామూలు నెలలలో నగు వెలకు రెట్టింపుపైగా పెట్టి అతడా టిక్కెట్టు కొనెను. అందుకై నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసెను. ఆ యప్పు తీర్చుటకై మఱుసటి యేటి సెలవు దినములను సైతము పనిచేసి సొమ్ము చేసికొనెను. మేము వ్రాసిన రెండు పంక్తుల వెల యిది.

నాటినుండి ఈ వెల యెట్లు పెరుగునో తెలిసికొనగోరితిమి. ఒకే విమానములో పక్కపక్కన కూర్చుండిన ఇరువురు ఒకే వెల చెల్లించియుండరు. సీట్లను తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క వెల నిర్ణయింతురు. చౌకవి ముందుగా అమ్ముడుపోవును. కోరువారు పెరిగిన కొలది ఖరీదైనవే మిగులును. 1978లో అమెరికా తన విమాన వర్తకముపై నున్న కట్టుబాట్లను సడలించిన పిమ్మట ఈ పద్ధతి ప్రబలినది. మన దేశమున 1953 నాటి వాయు కార్పొరేషన్ల చట్టము 1994లో రద్దయినది. అటుపిమ్మట మనకును ఇదియే రీతి. క్రిస్మసు, కొత్త సంవత్సరము, సంక్రాంతి మూడును మూడు వారములలోనే వచ్చుటచే, ఆ దినములలో చౌక తరగతులు కంటికి కనబడకయే మాయమగును.

ఇదంతయు దోపిడి యని యొక్కమాటతో తీర్పుచెప్పుట న్యాయము కాదు. పండుగకు ముందు ఇటు నిండివచ్చు విమానము అటు ఖాళీగా పోవును. మా ఊరి ఆర్.టి.సి. వారును సంక్రాంతి ప్రత్యేక బస్సులకు చాల యేండ్లు నూటికి యాబది హెచ్చు ఛార్జీ పుచ్చుకొనిరి. బస్సు ఒక దిక్కున ఖాళీగా తిరిగిపోవుననియే వారు చెప్పిన కారణము. ఆ ఖాళీ ప్రయాణపు చమురుఖర్చును ఎవరో యొకరు భరింపవలసినదే కదా. పెరిగిన వెలలో ఇంతమట్టుకు న్యాయము కలదని మేమొప్పుకొందుము. మిగిలిన భాగమును గూర్చియే మా ప్రశ్న.

మన ప్రాచీనులు రేవుకూలిని ధర్మశాస్త్రమునందే చేర్చిరి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండికి ఒక పణము, మనిషి మోయు బరువునకు అరపణము, బరువులేని మనుష్యునికి పణములో నెనిమిదవ వంతు అని లెక్కయున్నది. గర్భిణుల యొద్దను, సన్న్యాసుల యొద్దను కూలి పుచ్చుకొనరాదనియు నున్నది. బ్రాహ్మణునకు గూడ ఆ మినహాయింపు నిచ్చుట మనకు నేడు సమ్మతము కాదు. కాని దాటలేనివానిని దాటింపుడను బుద్ధి గ్రహింపదగినది. దూరపు ప్రయాణమునకు దేశమును, కాలమును బట్టి కూలి యుండవచ్చుననియు, ఈ నియమము నదులకే గాని సముద్రమునకు నిర్ణయము లేదనియు ఆ స్మృతియే చెప్పుచున్నది. నేటి యాకాశము ఆనాటి సముద్రమైనది; దానికింకను నిర్ణయము లేదు.

కాలమునుబట్టి కూలి మాఱవచ్చునని శాస్త్రమే యనగా, పండుగకాలపు వెలను ఏల నిందింతురని యొకరు మమ్మడిగిరి. వరదకాలమున పడవవాడు హెచ్చు కూలి యడిగినచో, వాని కష్టము హెచ్చినది, ప్రాణభయము హెచ్చినది. ఆ కూలి న్యాయము. ఏఱు ప్రశాంతముగనే యున్నది, ఆవలి యొడ్డున తల్లి మంచముపట్టినదని విని పడవవాడు మూడింతలు అడిగినచో, హెచ్చినది అతని కష్టము గాదు, బాటసారి యార్తి. కష్టమునకు వెల కట్టుట వర్తకము. ఆర్తికి వెల కట్టుట వేఱొకటి. కౌటిల్యుడు స్వదేశపు సరకునకు నూటికి ఐదు, పరదేశపు సరకునకు నూటికి పది లాభమని మితి యేర్పఱచినాడు. పదియే మితి కానక్కఱలేదు. మితి యొకటి యుండవలెననుటయే ముఖ్యము.

అందులకు అర్థశాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము బలమైనదే. సీట్లు కొన్ని, కోరువారు పెక్కండ్రు. వెల పెంచకున్న ముందు వచ్చినవానికి, లేదా దళారికి అవి పోవును. ముందుచూపు గలవాడు చౌకగా కొనునుగనుక ఈ పద్ధతి ముందుచూపును మెచ్చుచున్నదని వారందురు. మేమును ఇంటింట ఇదే చెప్పుచున్నాము. రెండు మూడు నెలలు ముందుగా కొనుడు. భోగికి మునుపటి శనివారమును విడిచి వారము నడుమ దినమును చూడుడు. హైదరాబాదు వెల యెక్కువైనచో చెన్నై వెలయు చూచి, ఒంగోలు మీదుగ రండు. దారిలో నొకచోట విమానము మాఱినను తప్పులేదు.

కాని ఈ హితములన్నియు డల్లాసు విద్యార్థికి పనికివచ్చినట్లు కువైట్ విద్యార్థికి పనికిరావు. కువైట్ దేశపు 2010 నాటి శ్రామిక చట్టము ఏడాదికి 30 దినముల జీతపు సెలవు నిచ్చుచున్నది. ఆ సెలవు ఎప్పుడో నిర్ణయించు హక్కుమాత్రము యజమానిది. సెలవు తెలియకమునుపు కొన్న చౌక టిక్కెట్టు, సెలవు మాఱినచో చిత్తుకాగితమే. ముందుచూపు బుద్ధియందున్న చాలదు. కాలము మన చేతిలో నుండవలెను. తన కాలము తనదియైనవాడు తక్కువ చెల్లించుచున్నాడు; తన కాలమును ఇతరులకు అమ్ముకొన్నవాడు ఎక్కువ చెల్లించుచున్నాడు. కలిగినవాడు మితవ్యయి యనియు, పేదవాడు దుబారా యనియు లోకము పేరు పెట్టుచున్నది. మాకు తోచిన యన్యాయము ఇది; వెల యెంతయను ప్రశ్న దీని తరువాతిది.

ప్రభుత్వము తలచుకొన్నచో మితి యేర్పఱుపలేదా? 2025 డిసెంబరులో దేశములోపలి విమానములు పెక్కు రద్దై, వెలలు మిన్నుముట్టగా, 500 కిలోమీటర్లలోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటినచో 18,000 రూపాయలు మించరాదని ప్రభుత్వమే కట్టడి చేసెను. పరదేశపు ప్రయాణములకు మఱియొక యడ్డంకి కలదు: ఏ దేశమునకు వారమున కెన్ని సీట్లో రెండు ప్రభుత్వముల యొడంబడికయే నిర్ణయించును. కువైట్‌తో 12,000గా నున్న ఆ సంఖ్యను 2025 జూలైలో 18,000కు పెంచిరి. సీట్లు పెరిగినకొలది ఆర్తిని అమ్ముకొను సందు తగ్గును. దీనికి తోడు, ఇంట మరణముగాని, వ్యాధిగాని సంభవించినవానికి ప్రతి విమానమునందును కొన్ని సీట్లు మామూలు వెలకే యుంచుట, సెలవు తేదీని మూడు నెలలు ముందుగా తెలుపుట యజమానికి విధియగుట, ఈ రెండును అసాధ్యములు గావు.

ప్రభుత్వమునకును, వర్తకునకును ధర్మము చెప్పి మేము లేచిపోయినచో, మా రెండు పంక్తుల జాబును మఱచినవారమగుదుము. ఆర్తికి వెల కట్టువాడు వర్తకుడే. ఆ యార్తిని ఒక తిథికి కట్టివేసినవారము మనము. "పండుగకు రానివాడు కొడుకా?" అని అరుగుమీద కూర్చుండి యడుగువారము మనమే. తిథికి రాలేనివాని ప్రేమ తక్కువయని మనము లెక్కగట్టుచున్నాము. ఆ లెక్కనే విమానమువారు రూపాయలలోనికి మార్చుచున్నారు. కంభములోని ముస్లిము సోదరుల ఇండ్లలో రంజానునకును ఇదే బాధ.

పోయిన యేడు మేమా తల్లి యింటికి పోయి, మా తప్పు నొప్పుకొంటిమి. ఆమె మమ్ము నిందింపలేదు. "అయ్యా, వాడొచ్చిన్నాడే మాకు పండగ. అప్పుజేసి ముగ్గు తొక్కేదానికి రావాల్నా?" అనెను. ఆ మాట తానే కొడుకునకు ఫోనులో చెప్పెను. అతడు పండుగ దాటి, వెల దిగిన పిమ్మట మాఘమాసమున వచ్చెను. ఆమె ఆనాడు వాకిట ముగ్గు పెట్టి, అరిసెలు వండి, మాకును ఒక పళ్ళెము పంపెను. పంచాంగమున ఆ దినమునకు విశేషమేమియు లేదు. మేమా అరిసెలు తినుచు, మా జీవితమున వ్రాసిన జాబులలో ఏవేవి తిరిగి తీసికొనవలసినవో యని లెక్కించుకొంటిమి.